అమ్మానాన్నలతో లండన్ నుంచి బ్లెనిమ్ ప్యాలెస్‌కు ఒక్కరోజులో వెళ్లి రావడం

హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మానాన్నలకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి. నలుగురం ఒకేరోజు బ్లెనిమ్ (చర్చిల్ పుట్టిన పెద్ద భవనం), ఆక్స్‌ఫర్డ్, బిస్టర్ విలేజ్ (బ్రాండ్ దుకాణాల సముదాయం) చుట్టేయొచ్చా అని ఒక పాఠకుడు అడిగారు. వద్దండీ. బ్లెనిమ్ ఒక్కటే పెట్టుకోండి. మూడూ కలిపితే మిగిలేది బస్టాపులే.

ప్యాడింగ్టన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు రైల్లో సుమారు గంట. అక్కణ్నుంచి వుడ్‌స్టాక్ బస్సు అరగంట పైచిలుకు, ప్యాలెస్ గేటు దగ్గరే దింపుతుంది. మ్యాప్‌లో హాన్‌బరో స్టేషన్ దగ్గరగా కనిపిస్తుంది గానీ, దిగాక బస్సు దొరక్కపోతే పెద్దవాళ్లతో ఇరుక్కుంటారు. నలుగురూ కలిసి వెళ్తున్నారు కాబట్టి రైలు టికెట్లు కొనేటప్పుడు గ్రూప్‌సేవ్ ఎంచుకోండి. రద్దీ లేని వేళల్లో మూడో వంతు తగ్గుతుంది, రైల్‌కార్డ్ (రాయితీ కార్డు) అక్కర్లేదు.

చాలామంది పొరబడేది ఒకటుంది: పాత భవనాలను చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ సభ్యత్వ కార్డు ఇక్కడ చెల్లదు. ఇది ఇప్పటికీ మార్ల్‌బరో డ్యూక్ కుటుంబపు ఇల్లు. టికెట్ ఆన్‌లైన్లో ముందే కొనండి. నవంబరు చివర్నుంచి కొత్త సంవత్సరం దాకా గదుల నిండా క్రిస్మస్ అలంకరణలే ఉంటాయి. అసలు ఇల్లు చూడాలంటే అప్పుడు వెళ్లకండి.

గేటు దాటాక ఇంటిదాకా నడక తక్కువేం కాదు, పైగా ముంగిట్లో కంకర. వీల్‌చైర్ కావాలంటే ముందే అడిగిపెట్టుకోండి. తలుపులు తీసే వేళకే లోపలికి వెళ్తే టూరు బస్సుల జనం ఇంకా రారు. మెట్లెక్కి ద్వారమండపం కింద ఆగి తల పైకెత్తండి. కప్పు మీద ఆరు కళ్లు కనిపిస్తాయి, మూడు నీలం, మూడు గోధుమ. 1928లో చిత్రకారుడు కోలిన్ గిల్ వేశాడు. నీలివి అప్పటి డచెస్ (డ్యూక్ భార్య) గ్లాడిస్ డీకన్ కళ్లు. లోపలికి వెళ్లే హడావుడిలో అందరూ వీటి కిందనుంచే చూడకుండా వెళ్లిపోతారు.

లోపల ముఖ్యమైన గదులన్నీ ఒకే అంతస్తులో ఉంటాయి, అది మోకాళ్లకు ఊరట. చర్చిల్ 1874 నవంబరు 30న పుట్టిన గది చిన్నదే; చిన్నప్పుడు కత్తిరించిన ఆయన జుట్టు ఉంగరాలు అక్కడే చూడొచ్చు. రెడ్ డ్రాయింగ్ రూమ్‌లో చిత్రకారుడు సార్జెంట్ 1905లో గీసిన కుటుంబ చిత్రంలోని డచెస్, అమెరికాలోని సంపన్న వాండర్‌బిల్ట్ కుటుంబపు ఆడపడుచు కాన్సువేలో. ఆమె తెచ్చిన కట్నం డబ్బుతోనే ఈ ఇంటికి మరమ్మతులు జరిగాయి. కట్నం సంగతి మీ అమ్మగారికి వేరే వివరించక్కర్లేదు!

భోజనానికి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి. పార్కులో కూర్చుని తినొచ్చు, గదుల్లో మాత్రం కుదరదు. తర్వాత ఓపికుంటే పార్కులోని వంతెన వైపు వెళ్లండి. ఈ ఇంటి వాస్తుశిల్పి వాన్‌బ్రూ దాని లోపల గదులు కట్టించాడు. 1760లలో తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ గ్లైమ్ నదికి ఆనకట్ట వేసి చెరువు చేస్తే కింది గదులు మునిగిపోయాయి. చూడ్డానికి వంతెన ఎక్కక్కర్లేదు, వుడ్‌స్టాక్ ఊరివైపు కమాను దాటగానే చెరువు, వంతెన, ఇల్లు ఒక్కసారే కనిపిస్తాయి. పక్కనున్న బ్లేడన్ ఊళ్లోని చర్చిల్ సమాధికి మాత్రం వీళ్లతో నడిచి వద్దు, టాక్సీ మాట్లాడుకోండి.

బయటికొచ్చేముందు రోజు టికెట్‌ను ఏడాది పాస్‌గా మార్పించుకునే వీలుందేమో అడగండి. అలా మార్చుకుంటే విజిటర్ వీసా మీద ఆర్నెల్లు ఉండేవాళ్లకు ఇంకోసారి వచ్చే వీలుంటుంది, తోటలు అప్పుడు చూడొచ్చు. ఆదివారం బస్సులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు వేళ పొద్దున దిగినప్పుడే స్టాపు దగ్గర ఫొటో తీసి పెట్టుకోండి.