ఆదివారం రాత్రికి తీసేయాల్సిన గోళ్లు

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు. మగవాణ్ణి, ఆఫీసు ఉద్యోగం. కొన్ని శని ఆదివారాలు ఇంట్లో ఆడవాళ్ల బట్టలు వేసుకుని, మేకప్ చేసుకుని గడుపుతాను. ఈ సంగతి నా భార్యకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. మొన్న అక్రిలిక్ (లిక్విడ్, పొడి కలిపి గోటిమీద గట్టిపడేలా పెట్టుకునే కృత్రిమ గోళ్లు) కిట్ తెప్పించుకుని మొదటిసారి గోళ్లు నేనే పెట్టుకున్నాను. శనివారమంతా చేతులు చూసుకుంటూనే కూర్చున్నాను. ఆదివారం రాత్రి తీయబోతే రాలేదు. మామూలు నెయిల్ పాలిష్ రిమూవర్‌తో గంటసేపు రుద్దాను. పొద్దున్నే ఆఫీసు అన్న టెన్షన్‌లో పాత ఏటీఎం కార్డు అంచు కింద దూర్చి లేపేశాను. మూడు వారాలైంది. గోళ్లు పలచబడిపోయాయి, వేడినీళ్లు తగిలితే చురుక్కుమంటున్నాయి. అయినా మళ్లీ పెట్టుకోవాలని ఉంది. సోమవారానికి జాడ లేకుండా తీయడం ఎలా? సెలూన్‌కి వెళ్లే ధైర్యం లేదు.
(పేరు రాయని పాఠకుడు)

జవాబు: మీ ఉత్తరంలో "చేతులు చూసుకుంటూనే కూర్చున్నాను" అన్న చోట కాసేపు ఆగిపోయాను. పదిహేడేళ్లుగా గోళ్లు పెట్టే పనే చేస్తున్నాను. మొదటి సెట్ పెట్టించుకున్నవాళ్లు కుర్చీలోంచి లేవకుండా చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకోవడం నాకు అలవాటైన దృశ్యం. ఆ సంతోషం మీకు మళ్లీ దొరకాలి, గోరు పాడవకుండా దొరకాలి. అందుకే మీ ఉత్తరం ముందు వేస్తున్నాను.

కార్డుతో లేపినప్పుడు ఏం జరిగిందో నాకు బాగా తెలుసు, నేనూ చేశాను కాబట్టి. పని నేర్చుకునే రోజుల్లో ఒక రాత్రి ఓపిక లేక ఎడమ బొటనవేలి అక్రిలిక్‌ని పట్టి లాగేశాను. ఊడిన ముక్కని తిప్పి చూస్తే వెనకవైపు తెల్లగా, ఉల్లిపొరంత పలచగా ఏదో అంటుకుని ఉంది. జిగురనుకున్నాను. అది నా గోరు. గోరంటే పొరలు పొరలుగా అతుక్కున్న కెరాటిన్ అనే ప్రొటీన్. అక్రిలిక్ పై పొరని గట్టిగా పట్టుకుంటుంది, లాగితే ఆ పొరని వెంట తీసుకునే వస్తుంది. ఆ తర్వాత చాలా రోజులు చొక్కా గుండీ పెట్టుకుంటే నా గోరు కాగితంలా వెనక్కి వంగేది.

మీ గోళ్లు తిరిగి వస్తాయి, భయపడకండి. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొత్తం కొత్త గోరు రావడానికి దాదాపు ఆరు నెలలు. పలచబడ్డ భాగం మళ్లీ మందంగా మారదు, అది ముందుకు జరిగి కత్తిరింపులో పోవాల్సిందే. అప్పటిదాకా పొట్టిగా కత్తిరించుకోండి, రాత్రి పడుకునే ముందు గోటి మూలంలో ఏదైనా నూనె రాయండి. మంట పూర్తిగా పోయి, మూలం నుంచి కొత్త గోరు కనీసం సగం దాకా వచ్చేవరకు ఏదీ అతికించకండి. అంటే ఇంకో రెండు నెలలైనా ఆగాలి. చుట్టూ వాపు, చీము, గోరు చర్మం నుంచి విడిపోవడం కనిపిస్తే మాత్రం నా కాలమ్ కోసం చూడకండి, చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఇక అసలు మాట. గోళ్లు పెట్టుకునే ముందు అవి ఎలా ఊడతాయో, దానికి ఎంతసేపు పడుతుందో చూసుకోవాలి. మీరు పెట్టుకునేది శనివారం ఉదయం, తీయాల్సింది ఆదివారం రాత్రి. ఒకటిన్నర రోజు కోసం అక్రిలిక్ వద్దు. అది రెండు మూడు వారాలు ఉండటానికి తయారైన వస్తువు. కట్టుడు పళ్లకి వాడే అక్రిలిక్, ఇదీ ఒకే కుటుంబం. అంత గట్టిదాన్ని వారం వారం పెట్టి తీస్తే ఏ గోరూ తట్టుకోలేదు.

మీకు కావలసింది ప్రెస్-ఆన్ గోళ్లు, అంటే ముందే తయారై వచ్చే, గోటిమీద నొక్కి అంటించుకునే గోళ్లు. గ్లూతో కాదు, రెండువైపులా అంటుకునే స్టిక్కర్ ట్యాబ్‌లతో. ఒకటి రెండు రోజులు హాయిగా ఉంటాయి. తీసేటప్పుడు గోరువెచ్చని సబ్బునీళ్లలో కొన్ని చుక్కల నూనె వేసి వేళ్లు పావుగంట నానబెట్టి, పక్కనుంచి చెక్కపుల్లతో నెమ్మదిగా జరిపితే వచ్చేస్తాయి. వాసన రాదు, పొడి రాలదు, మళ్లీ వాడుకోవచ్చు కూడా.

ప్రెస్-ఆన్‌లు మగవాళ్లకి నిలవవు అని చాలామంది అంటారు. తప్పు గోటిది కాదు, సైజుది. కొన్నేళ్ల క్రితం ఒకాయన ఆ రోజు ఆఖరి అపాయింట్‌మెంట్ అడిగి వచ్చారు. చేతులు టేబుల్ మీద పెట్టడానికే పది నిమిషాలు పట్టింది. ఇంట్లో పెట్టుకున్న ప్రతిసారీ బొటనవేలివి ఎగిరిపోతున్నాయన్నారు. చూస్తే ఆయన బొటనగోరు వెడల్పుగా, దాదాపు బల్లపరుపుగా ఉంది. సెట్‌లో బొటనవేలికని ఇచ్చినది దాని మీద పెడితే రెండు పక్కలా సన్నటి గీతలా సొంత గోరు మిగిలిపోతోంది. ఇరుకైనదాన్ని నొక్కి అతికిస్తే అది విచ్చుకుని తన ఆకారానికి తిరిగి రావాలని చూస్తుంది, అంచులు లేస్తాయి. 0 నుంచి 9 దాకా నంబర్లు వేసే సెట్లలో 0 అన్నిటికంటే పెద్దది. ఆయనకి అదీ చాలలేదు. పెద్ద సైజుల సెట్ తెప్పించి, ఒక సైజు పెద్దది తీసుకుని పక్కలు ఫైల్ చేసి కూర్చోబెట్టాను. అలా చేస్తే మీకూ ఆగుతాయి. పెట్టుకునే ముందు చేతులకి క్రీమ్ రాయకండి, గోటిమీద జిడ్డుంటే ఏదీ పట్టదు.

గ్లూ వాడాల్సి వస్తే ఒక జాగ్రత్త. ఒలికినదాన్ని దూదితోగానీ నూలు గుడ్డతోగానీ తుడవకండి. ఆ గ్లూ నూలుకి తగిలితే వేడెక్కి చర్మం కాలుతుంది.

ఇంత చెప్పినా అక్రిలికే కావాలనిపిస్తే, వారం పది రోజులు సెలవున్నప్పుడు పెట్టుకోండి. కిట్‌లో లిక్విడ్ సీసా మీద ఇథైల్ మెథాక్రిలేట్ అని ఉండాలి. మిథైల్ మెథాక్రిలేట్ ఉంటే వాడొద్దు. ఇది గోటిని పాడుచేస్తుందని, అలర్జీలు తెస్తోందని 1970ల్లోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చర్య తీసుకుంది. అది అక్రిలిక్‌ని కరిగించే ద్రవమైన ఎసిటోన్‌కి కూడా సరిగా లొంగదు. మీ గోళ్లు రాకపోవడానికి కారణం రిమూవర్ అయి ఉండొచ్చు, ఎసిటోన్ లేని రిమూవర్లు పాలిష్‌నే తీస్తాయి, అక్రిలిక్‌ని కరిగించలేవు. అయినా ఆ సీసా ఒకసారి చూడండి.

అతికించేటప్పుడు అందరూ ఆకారం గురించి బెంగపడతారు. నాకు బెంగ చర్మం గురించి. గట్టిపడని లిక్విడ్ చర్మానికి మళ్లీ మళ్లీ తగిలితే అలర్జీ మొదలవుతుంది. ఒకసారి వచ్చిన ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. తర్వాతెప్పుడో పన్నుకి ఫిల్లింగ్ వేయించుకుంటే అక్కడా ఇబ్బంది పెట్టొచ్చు. కాబట్టి గోటి చుట్టూ ఒక సన్నటి దారమంత ఖాళీ వదలండి. బ్రష్ మీద బొట్టు కారిపోయేలా ఉంటే తడి ఎక్కువైందన్నమాట, తుడిచి మళ్లీ తీసుకోండి. చర్మానికి అంటితే గట్టిపడకముందే తుడిచేయండి. గట్టిపడిందో లేదో తెలియాలంటే బ్రష్ వెనక కొనతో కొట్టి చూడండి, టక్కుమని పలకాలి. మెత్తటి చప్పుడు వస్తే ఇంకా ఫైల్ పెట్టకండి. కిటికీ తెరవండి, ఫైల్ చేసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. వాసన గదిలో చాలాసేపు ఉంటుంది. ఎవరైనా వచ్చే రోజున మొదలుపెట్టకండి.

తీయడానికి ఒక పూట కేటాయించుకోండి. పొడవు ముందు కత్తిరించేయండి. మెరుపు పోయి తెల్లగా పొడిబారేదాకా పైన గరుకు ఫైల్‌తో రుద్దండి, సొంత గోరు దాకా మాత్రం పోవద్దు. చుట్టూ చర్మానికి పెట్రోలియం జెల్లీ రాయండి. గోరంత దూది ముక్కని స్వచ్ఛమైన ఎసిటోన్‌లో తడిపి గోటిమీద పెట్టి, అల్యూమినియం ఫాయిల్ బిగుతుగా చుట్టండి. ఒక చెయ్యి పూర్తయ్యాకే రెండోది. రెండు చేతులూ చుట్టేసుకుంటే ఫోన్ కూడా ఎత్తలేరు.

ఇరవై నిమిషాల తర్వాత ఒక వేలు మాత్రం విప్పి చూడండి. అక్రిలిక్ నానిన సబ్బులా మెత్తబడి, ముడతలు పడి ఉండాలి. చెక్కపుల్లతో మూలం నుంచి కొనవైపు తోస్తే జారాలి. జారకపోతే కొత్త దూదితో ఇంకో పది నిమిషాలు. బలం పెట్టాలనిపించిందంటే ఇంకా నానలేదని అర్థం. నాకు తెలిసినంతలో గోళ్లన్నీ పాడయ్యేది ఈ ఆఖరి పది నిమిషాల్లోనే.

ఎసిటోన్ చాలా తొందరగా అంటుకుంటుంది, దాని ఆవిరి గాలికంటే బరువు కాబట్టి కింద పరుచుకుంటుంది. దగ్గర్లో స్టవ్, కొవ్వొత్తి, సిగరెట్ ఏదీ వద్దు. వేడి కావాలంటే చుట్టిన వేళ్ల మీద వెచ్చని తువ్వాలు కప్పుకోండి, ఎసిటోన్‌ని మాత్రం వేడి చేయకండి. ప్లాస్టిక్ గిన్నెలో పోయకండి, కొన్ని రకాలు కరిగిపోతాయి. గాజుది వాడండి.

సోమవారం జాడల గురించి అడిగారు. పట్టించేది రంగు కాదు, ఆకారం. లోపలి గోటిని కూడా కొనదేలేలా ఫైల్ చేసి ఉంటారు, దాన్ని తిన్నగా కత్తిరించండి. ఎసిటోన్ వల్ల వచ్చే తెల్లటి పొడిదనం నూనె రాసి తుడిస్తే పోతుంది. బఫర్‌తో తళతళలాడించకండి, మెరిసే గోరే ముందు కంటపడుతుంది. మెరుపుల పాలిష్ వేసుకుని ఉంటే గోటి మూలల్లో ఒక్క రేణువైనా ఉండిపోతుంది, పాత టూత్‌బ్రష్‌తో వెలుతురులో శుభ్రం చేయండి. ఎర్ర రంగు మరక పడకుండా ముందే బేస్ కోట్ వేసుకోవాలి. మీ భార్యకి తెలుసన్నారు కదా, చివరికి ఒకసారి ఆమెని చూడమనండి. మన చేతులు మనకి అలవాటైపోయి కొన్ని కనిపించవు.

ప్రశ్న: నేను కూడా ఇంట్లో క్రాస్‌డ్రెసింగ్ చేస్తాను. అక్రిలిక్ మూడు వారాలుంచి తీశాక ఉంగరపు వేలి గోటిమీద ఆకుపచ్చ మచ్చ కనిపించింది. పాలిష్ రంగు దిగిందా?

జవాబు: చాలావరకు అది రంగు కాదు. అక్రిలిక్ ఒక అంచున లేచినప్పుడు కింద తేమ చేరి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరిగితే అలాంటి పచ్చదనం వస్తుంది. దాని మీద మళ్లీ ఏదీ పెట్టకండి, గోరు పొడిగా ఉంచండి, డాక్టరుకి చూపించండి. ఆ ఫైల్, చెక్కపుల్ల పారేయండి. ఇకముందు అంచు లేచిందంటే గ్లూ కారించి అతికించకండి, ఆ గోరు మొత్తం తీసేయండి.

ప్రశ్న: వచ్చే వారం నాకు చిన్న ఆపరేషన్ ఉంది. చేతికి అక్రిలిక్ గోళ్లున్నాయి. ఆస్పత్రిలో ఎవరూ ఏమీ అడగకుండా ఉండాలంటే అన్నీ తీయాలా?

జవాబు: తీసేయండి. రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి పెడతారు, దాని వెలుతురు గోరు గుండా పోవాలి. మందంగా ఉన్నా, ముదురు రంగున్నా కొలత తేడా రావచ్చు. గోరు రంగు కూడా వాళ్లు చూస్తారు. ముందు రోజు రాత్రి హడావిడిగా కాకుండా రెండు రోజుల ముందే, పైన చెప్పినట్టు నానబెట్టి తీయండి. ఒకటి రెండు రాకపోతే ఆ సంగతి నర్సుకి చెప్పండి, ఇలాంటి గోళ్లు పెట్టుకున్నవాళ్లని వాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు.