జాయింట్ ప్లాటులో ఒకరు పోతే మొత్తం రెండోవారిదేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2014లో మావారు, మా మరిది కలిసి 200 గజాల ప్లాటు ఇద్దరి పేరున కొన్నారు. పోయినేడు మావారు వీలునామా రాయకుండానే చనిపోయారు. ‘జాయింటు ప్లాటు కదా వదినా, ఒకరు పోతే రెండోవాళ్లదే’ అంటున్నాడు మరిది. చిన్నపిల్లలు బాబు, పాప ఉన్నారు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. మాకేం రాదా?

జవాబు: మీ మరిది చెప్తున్నది బ్యాంకు ఖాతా లెక్క. జాయింట్ అకౌంట్‌లో ఒకరు పోతే రెండోవారికి బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది కాబట్టి స్థలానికీ అంతేనని చాలామంది అనుకుంటారు. (ఆ డబ్బులోనైనా వారసుల హక్కు పోదు, అది వేరే కథ.) ప్లాటులో ఎవరి వాటా వారిదే, పోయినవారి వాటా వారి వారసులకే దిగుతుంది. బతికున్నవారికే మొత్తం చెందాలని దస్తావేజులో స్పష్టంగా రాసుకుంటే తప్ప. అలా రాసుకున్న కాగితాలు నేను చాలా అరుదుగా చూశాను. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఒకసారి చదివించుకోండి.

వాటాలు అందులో రాయకపోతే ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 45వ సెక్షన్ చూస్తారు. ఎవరు పెట్టిన డబ్బును బట్టి వారికి వాటా, రుజువులు లేకుంటే చెరిసగం. సగమే అనుకుందాం. మీవారి 100 గజాలకు హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీరు, బాబు, పాప, అత్తమ్మ నలుగురూ సమాన హక్కుదారులు. తలా 25 గజాలు. అత్తమ్మను లెక్కలో మర్చిపోవద్దు. తన వాటా ఆమె చిన్నకొడుక్కు రాసిస్తే మీరు అడ్డుకోలేరు.

మరిది తన సగం అమ్ముకోవచ్చు, మీది అమ్మలేడు. మొత్తం అమ్మినా కొన్నవాడికి వచ్చేది ఆ సగమే. ‘ఒక్క సంతకం పెట్టు వదినా’ అంటే మాత్రం పెట్టకండి. పిల్లల వాటా అమ్మాలన్నా, వదులుకోవాలన్నా కోర్టు అనుమతి కావాలి, తల్లిగా మీ సంతకం ఒక్కటే చాలదు.

డెత్ సర్టిఫికెట్, మీసేవలో దరఖాస్తు చేసి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. పెద్దమనుషుల్లో ఒప్పుకుంటే పంపకాల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించండి, పిల్లల వాటా ఉంది కాబట్టి వకీలును అడిగాకే. ఒప్పుకోకుంటే సివిల్ కోర్టులో పంపకాల దావా వేయాలి. బేరం పెట్టాడని తెలిస్తే దావాతోపాటే ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) కూడా అడగండి. సబ్ రిజిస్ట్రార్‌కు అభ్యంతరం రాసిచ్చి ఊరుకుంటే రిజిస్ట్రేషన్ ఆగుతుందన్న భరోసా లేదు.