ముప్ఫై లైన్ల ఫైలుకు ఆర్నెల్లా?

ప్రశ్న: ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో ఇన్ఫినీబ్యాండ్ (కంప్యూటర్లను కలిపే హైస్పీడ్ నెట్‌వర్క్) క్లస్టర్‌కు క్యూఓఎస్ పాలసీ ఫైలు, అంటే ఏ ట్రాఫిక్‌కు ఎంత ప్రాధాన్యమో చెప్పే ఫైలు, రాసే పని ఇచ్చారు. ఆ నెట్‌వర్క్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ (సబ్‌నెట్ మేనేజర్) ఓపెన్ఎస్ఎం. నా ఫ్రెండ్స్ అంతా ఫుల్‌స్టాక్ వైపు వెళ్లారు. ముప్ఫై లైన్ల ఫైలు పట్టుకుని ఆర్నెల్లు పోగొట్టుకుంటున్నానేమోనని భయంగా ఉంది. దీనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: ఆ లైన్లు టైపు చేసినందుకు ఎవరూ జీతమివ్వరు. లింకు నిండిపోయినప్పుడు ఎవరి ట్రాఫిక్ ముందు పోవాలో, ఎవరిది ఆగాలో తేల్చగలిగితే ఇస్తారు. మీరు నేర్చుకోవాల్సింది అదే.

మీ ఫైలునే తీసుకోండి. ఏ ట్రాఫిక్‌కు ఏ లెవెలో చెప్పే మ్యాచ్ రూల్స్‌ను ఓపెన్ఎస్ఎం పైనుంచి కిందికి చూస్తుంది, మొదట కుదిరిన దాని దగ్గరే ఆగిపోతుంది. నోడ్లన్నింటికీ (క్లస్టర్‌లోని కంప్యూటర్లకు) వర్తించే రూల్‌ను పైన పెట్టి, స్టోరేజీకి ఎస్ఎల్ (సర్వీస్ లెవెల్, ట్రాఫిక్ తరగతి నంబరు) 2 ఇచ్చే రూల్‌ను కింద రాశారనుకోండి. స్టోరేజీ వంతు ఎప్పటికీ రాదు. సింటాక్స్ తప్పేమీ లేదు కాబట్టి చూడటానికి ఫైలు శుభ్రంగానే ఉంటుంది. ఏ రూల్‌కూ చిక్కని వాటి కోసం డిఫాల్ట్ అనే లెవెల్ తప్పనిసరి.

అంతకంటే లోతైన చిక్కు ఇంకోటుంది. పాలసీ ఫైలు ఎస్ఎల్‌ను నిర్ణయిస్తుంది, వీఎల్‌ను (వర్చువల్ లేన్, అంటే ఒకే లింకులోని విడి దారి) కాదు. ఆ ఎస్ఎల్ ఏ వీఎల్‌లోకి వెళ్తుందో, ఏ వీఎల్‌కు ఎంత వెయిటో వేరే టేబుళ్లు చెబుతాయి. ఎస్ఎల్ 1, ఎస్ఎల్ 2 రెండూ ఒకే వీఎల్‌లో పడితే మీ పాలసీ కాగితం మీదే. ఇంటర్వ్యూలో ఈ ఒక్క సంగతి బోర్డు మీద గీసి చెప్పగలిగినా చాలు, మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు. (కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ నెట్‌వర్క్ ఆపరేషన్స్‌లో పనిచేశాను. ఓసారి అరపూట ఫైలు దిద్దుతూ కూర్చున్నాక తేలింది, అసలు క్యూఓఎస్ ఆప్షనే ఆన్ చేయలేదని. ఓపెన్ఎస్ఎంలో మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది.)

ఉద్యోగాల మాటకొస్తే, సీడాక్ వారి పరమ్ సిద్ధి-ఏఐ లాంటి సూపర్ కంప్యూటర్లు నడిచేది ఇన్ఫినీబ్యాండ్ మీదే. అయినా ఫ్రెషర్‌గా దీన్నొక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను. ఇదే ఆలోచనను ఈథర్నెట్ వైపు కూడా పట్టుకెళ్లండి. అక్కడ ప్యాకెట్ మీద ప్రాధాన్యం గుర్తు డీఎస్‌సీపీ 6 బిట్లు, అంటే 64 విలువలు. వాయిస్‌కు సాధారణంగా ఈఎఫ్ అనే గుర్తు, అంటే 46. సిస్కో పరికరాల్లో ట్రాఫిక్‌ను విడదీయడానికి క్లాస్‌మ్యాప్, దానికి ఏం చేయాలో చెప్పడానికి పాలసీమ్యాప్ రాస్తారు. సిస్కో సర్టిఫికెట్ పరీక్ష సీసీఎన్‌ఏ 200-301 సిలబస్‌లోనూ క్యూఓఎస్ ఉంది. లైనక్స్, కాస్త పైథాన్ ఎలాగూ కావాలి. ఫుల్‌స్టాక్ మంచిదే, అక్కడ పోటీ కూడా అంతే ఉంది.

ఇంట్లో హార్డ్‌వేర్ లేకపోయినా ఐబీసిమ్ సిమ్యులేటర్ మీద ఓపెన్ఎస్ఎం నడిపి, ఏ పాత్‌కు ఏ ఎస్ఎల్ ఇస్తోందో చూడొచ్చు. అందులో డేటా పారదు కాబట్టి లేటెన్సీ (డేటా చేరడానికి పట్టే ఆలస్యం) కొలవలేరు. దానికి అసలు నోడ్లే కావాలి. మీ మెంటార్‌ను మూడు ఖాళీ నోడ్లు ఓ గంట అడగండి. రెండింటి నుంచి మూడో దానికి పంపాలి. పర్ఫ్‌టెస్ట్ అనే టెస్టింగ్ టూల్‌తో ఒక నోడ్ నుంచి ఒక ఎస్ఎల్‌లో లింకు నింపండి, రెండో నోడ్ నుంచి ఇంకో ఎస్ఎల్‌లో లేటెన్సీ కొలవండి. పాలసీ లేనప్పుడు ఎంత, పెట్టాక ఎంత? రెజ్యూమేలో ‘క్యూఓఎస్ ఫైలు రాశాను’ అన్న లైను తీసేసి ఆ రెండు అంకెలు రాయండి.