యాపిల్ సాస్ చేసేముందు ఒక్కసారి ఇది చదువు

బుజ్జీ,

యాపిల్ సాస్ ఇంట్లోనే చేద్దామనుకుంటున్నానన్నావుగా, చాలా మంచి పని, కానీ ముందే చెప్తున్నా పంచదార డబ్బా పక్కన పెట్టెయ్. అది కావాలో వద్దో ఉడికాక రుచి చూస్తే గానీ తెలీదు, నీళ్లు ఇగిరేకొద్దీ పండులో ఉన్న తీపే చిక్కబడి పైకొస్తుంది, చాలాసార్లు అసలు అవసరమే పడదు.

కాయలు ఒకే రకం కొనకు. గాలా, ఫుజీ తియ్యగా ఉంటాయి, ఆకుపచ్చ గ్రానీ స్మిత్ పుల్లన, తియ్యటివి ఐదు వేస్తే పుల్లటిది ఒకటి వెయ్యి, ఉత్త తీపైతే రెండు స్పూన్లకే మొహం మొత్తుతుంది.

తొక్క చాలామంది తీసేస్తారు, నేనైతే తియ్యనివ్వను. సాస్‌ని చిక్కబరిచే పెక్టిన్ తొక్కలోనూ గింజల చుట్టూ ఉండే గట్టి భాగంలోనూ ఎక్కువ, పైగా ఎర్ర తొక్కైతే లేత గులాబీ రంగు కూడా వస్తుంది, ఎంత బావుంటుందో! ఉడికాక జల్లెడలో వేసి గరిటెతో రుద్దావంటే తొక్క పైన ఉండిపోతుంది. కాకపోతే కొన్ని కాయలకి మైనం పూస్తారు కాబట్టి గోరువెచ్చని నీళ్లలో బాగా రుద్ది కడుగు. గింజలు మాత్రం అన్నీ తీసెయ్, నలిగితే చేదు, ఒంటికీ మంచివి కావు.

ముక్కలు కొయ్యగానే ఒక స్పూన్ నిమ్మరసం కలిపితే నల్లబడవు. కిలో ముక్కలకి అర కప్పు నీళ్లు చాలు, తక్కువనిపిస్తుంది కానీ ఇంకా పోయకు, పండులో ఉన్నదే ఎక్కువ భాగం నీళ్లు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూతపెట్టి సిమ్‌లో 20, 25 నిమిషాలు, మధ్యమధ్యలో కలుపుతూ ఉండు. దాల్చినచెక్క ముక్క వేసి చివర్లో తీసెయ్, పొడి వేస్తే రంగు మట్టిలా అయిపోతుంది. చిటికెడు ఉప్పు కూడా వెయ్యి, తీపి బాగా తెలుస్తుంది. కలిపేటప్పుడు ఎగిరి చేతిమీద పడితే గట్టిగా కాలుద్ది, పొడుగు గరిటె వాడు.

పాపాయికి పెట్టాలంటే ఏడాది నిండేదాకా తేనె అస్సలు కలపకు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, ఇందులో నామాట విను. ఉప్పు కూడా తన వంతు తీశాకే వెయ్యి.

చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది. ఫ్రీజర్లో అయితే రెండు మూడు నెలలు, సీసా నిండా నింపకు, గడ్డకట్టి ఉబ్బితే పగులుతుంది. పల్చగా వచ్చిందని కంగారుపడకు, మూత తీసి ఇంకో ఐదు నిమిషాలు పొయ్యి మీద ఉంచితే సరిపోతుంది.

మీ పెద్దమ్మ