జర్మనీ వెళ్తున్న బుజ్జికి పెద్దమ్మ రాసేది

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. స్టూడెంట్ ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రామ్‌కి వీసా వచ్చేసింది, ఫ్రైబర్గ్ దగ్గర ఊరు, నువ్వుండబోయే జర్మన్ ఇంట్లో అమ్మా నాన్నా, నీ ఈడు అమ్మాయి, ఒక చిన్నాడు, ఒక కుక్క, మే నెలంతా అక్కడే. సంతోషం. సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలని అడిగావు, అది తర్వాత చెప్తా. ముందు తిండి సంగతి, ఎందుకంటే నేనుండే ఈ జర్మనీకొచ్చిన మన పిల్లలు చలితోనో భాషతోనో పడే ఇబ్బంది కంటే మొహమాటంతో పడేదే ఎక్కువ.

మన ఇళ్లల్లో వడ్డించేవాళ్లు ఇంకొంచెం అంటే మనం చాలు చాలు అని చెయ్యి అడ్డం పెడతాం, వాళ్లు వినకుండా వేసేస్తారు, మనమూ తినేస్తాం. ఇక్కడ అలా ఉండదు. ఒకసారి అడుగుతారు, వద్దంటే గిన్నె అవతలివాళ్లకి అందించేస్తారు. అది అమర్యాద కాదు, నీ మాట నమ్మారంతే. మా పక్కింటావిడ ఒక ఏడాది మన దేశం అమ్మాయిని ఇంట్లో పెట్టుకుంది. ఒకరోజు సాయంత్రం కంచె దగ్గర నన్ను పిలిచి, ఈ పిల్ల ఏం పెట్టినా వద్దంటోంది, పొద్దున చూస్తే గదిలో చెత్తబుట్ట నిండా బిస్కెట్ ప్యాకెట్ల కాగితాలు, నా వంట అంత బాగుండదా అని అడిగింది, పాపం ముఖం చిన్నబోయి. ఆ పిల్లేమో మళ్లీ అడుగుతారని చూస్తూ కూర్చుంది! కాబట్టి ఆకలేస్తే మొదటిసారే ఊఁ అను, చాలకపోతే ఇంకొంచెం కావాలని నోరు తెరిచి అడుగు.

ఇంకో పని, ఈరోజే చెయ్యి. వాళ్లకి మెయిల్ రాసి, కోడి, చేప, గుడ్డు తింటాను, గొడ్డుమాంసం పందిమాంసం తినను అని విడమరిచి చెప్పు. ఉత్త 'ఇండియన్ ఫుడ్ హ్యాబిట్స్' అంటే వాళ్లకేం అర్థం కాదు. గమ్మీ బేర్‌లంటే ఎలుగుబంటి ఆకారంలో ఉండే జెల్లీ మిఠాయిలు, వాటిలో మామూలుగా పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది, చిన్నాడు చేతిలో పెడితే చూసుకో. రాత్రికి వేడి అన్నం కోసం ఎదురుచూడకు, చాలా ఇళ్లల్లో రాత్రి భోజనమంటే బ్రెడ్డు, చీజు, దోసకాయ ముక్కలు, అంతే. వేడిగా వండేది ఎక్కువగా మధ్యాహ్నమే. నువ్వు వెళ్లేది తెల్ల ఆస్పరాగస్ అనే కాడల కూరగాయ దొరికే రోజుల్లో, జూన్ 24తో అది ఆఖరు, మనకి మామిడిపళ్లు ఎలాగో వాళ్లకి అది. గొప్పగా వండి పెడతారు. పక్కన హ్యామ్, అంటే పందిమాంసం, ఉంటే అది వదిలేసి కాడలు తిను. నాకైతే ఇప్పటికీ చప్పగానే అనిపిస్తుంది, ఆ మాట మాత్రం అక్కడ అనకు.

ఇంట్లో వాళ్లని పేరుపెట్టి పిలవమంటారు, నీకు నోరు రాదని తెలుసు, అయినా పిలువు. ఆంటీ అంటే ఆవిడకి వింతగా ఉంటుంది.

బాత్‌రూమ్ గురించి వివరంగా చెప్తాను, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. షవర్ ఉన్నచోట తప్ప కింద నీళ్లు పోయే తూము ఉండదు, కాబట్టి నేల తడిస్తే తడిసినట్టే ఉంటుంది. అద్దం తలుపు వేసుకుని స్నానం చెయ్యి, అయ్యాక లోపల వేలాడే రబ్బరు పట్టీతో అద్దం మీది నీళ్లు కిందికి లాగెయ్యి, తూములో చిక్కిన వెంట్రుకలు నువ్వే తీసి చెత్తబుట్టలో వెయ్యి. నీ జడ సంగతి నాకు తెలుసు కదా. అరగంట స్నానాలు వద్దు, వేడినీళ్ల బిల్లు వాళ్లు లెక్క చూసుకుంటారు. తలకి నూనె పెట్టుకుంటే దిండు మీద నీ పాత టవల్ పరుచుకో. ప్యాడ్లు టాయిలెట్‌లో వెయ్యకూడదు, చుట్టి డబ్బాలో వెయ్యాలి, డబ్బా లేకపోతే ఆవిణ్ణి అడుగు, సిగ్గుపడే విషయం కాదు. కాగితం అలవాటు లేకపోతే ఒక ఖాళీ నీళ్ల సీసా దగ్గర పెట్టుకో, నేల మాత్రం తడపకు.

నీకు వేసవి సెలవులు గానీ వాళ్లకి కాదు. అక్కడ పెద్ద సెలవులు జులై చివర్లో మొదలవుతాయి, కాబట్టి ఆ అమ్మాయితో పాటు నువ్వూ బడికి వెళ్తావు, పొద్దున్నే లేవాలి. మే అంటే మన మే కాదమ్మా, పొద్దున పది డిగ్రీలు ఉండొచ్చు, మధ్యాహ్నం ఎండ కాయొచ్చు. స్వెటర్, పల్చటి వానకోటు పెట్టుకో. ఏడింటికి భోజనమంటే ఏడింటికే, ఏడుంపావుకి కాదు, ఆలస్యమైతే మెసేజ్ పెట్టు. రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, ఇంకా సాయంత్రమే అనుకుని బయటే ఉండిపోకు. ఎర్రలైటు ఉంటే బండి రాకపోయినా రోడ్డు దాటకు, చిన్నపిల్లలు చూస్తున్నారు అని ముసలాళ్లు కేకలేస్తారు. ఆదివారం షాపులు మూసేస్తారు, కావాల్సింది శనివారమే కొనుక్కో. కుళాయి నీళ్లు తాగొచ్చు. ప్లాస్టిక్ నీళ్లసీసా కొంటే పారెయ్యకు, ఖాళీది సూపర్‌మార్కెట్ మిషన్‌లో వేస్తే 25 సెంట్లు వెనక్కి వస్తాయి.

ఫ్రైబర్గ్ వీధుల్లో అంచునే సన్నటి నీటి కాలువలు పారుతుంటాయి, పొరపాటున కాలు పడితే ఆ ఊరివాణ్ణే పెళ్లాడతారని వాళ్ల నమ్మకం. చూసి నడువు, మీ అమ్మకి మాత్రం ఈ ముక్క చదివి వినిపించకు.

అమ్మంటే గుర్తొచ్చింది, ఫోన్లు. మనకీ వాళ్లకీ ఆ నెలలో మూడున్నర గంటలు తేడా. రోజుకి ఒక్కసారి, బడి నుంచి రాగానే మాట్లాడు, చాలు. భోజనాల బల్ల దగ్గర వీడియో కాల్ ఎత్తి అందరికీ మనవాళ్లని చూపించే పని వద్దు. మొదటివారం ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది, రానీ. ఆ సమయంలో గదిలో తలుపేసుకోకుండా కుక్కని తిప్పడానికి వెళ్లు, కూరగాయలు తరగనా అని అడుగు.

ఇక సూట్‌కేసు. మాంసం, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి తేనివ్వరు, అంటే నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా అన్నీ ఇంట్లోనే వదిలెయ్యండి, మీ అమ్మమ్మ ఎంత బతిమాలినా సరే. ఆవకాయ పర్వాలేదు, మూతకి టేపు వేసి రెండు కవర్లలో పెట్టు. కానుకకి ఏటికొప్పాక బొమ్మలు తీసుకెళ్లు, బరువుండవు, చిన్నాడికి బొంగరం ఇచ్చావంటే నీ పని అయిపోయినట్టే. ఇచ్చిన వెంటనే నీ ఎదుటే విప్పుతారు, కంగారుపడకు. చింతపండు, ఇంగువ, ఎండుమిర్చి కొంచెం పెట్టుకుని ఒకరోజు పులిహోర చేసిపెట్టు, కానీ పోపు వేసేముందు కిటికీ తెరువు, లేదంటే మిర్చి ఘాటుకి ఇల్లంతా దగ్గుతుంది, హాల్లో పొగ అలారం మోగినా మోగుతుంది. మూడు పిన్నుల చార్జర్ అక్కడ పట్టదు, అడాప్టర్ కొనుక్కో.

ఆఖరుది, ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. అక్కడ పదహారేళ్లకే బీరు, వైను కొనుక్కోవచ్చు, ఆ అమ్మాయి స్నేహితులు నీకూ ఇవ్వబోతారు. వద్దని ఒక్కసారి చెప్పు, భోజనాల దగ్గరలాగే ఇక్కడా బలవంతం చెయ్యరు. ఎవరైనా చేస్తే, లేదా ఇంట్లో ఎవరి ప్రవర్తనైనా నీకు ఇబ్బందిగా అనిపిస్తే, వాళ్లు ఏమనుకుంటారో అని ఒక్క రోజు కూడా ఆగొద్దు. మీ ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చెయ్యి, నాకూ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. ఇల్లు మార్చమని అడిగే హక్కు నీకుంది. అత్యవసరమైతే 112. ఈ మూడు నంబర్లూ ఫోన్‌లోనే కాదు, కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ కవర్లో పెట్టుకో.

మెయిల్ రాశాక నాకోసారి చూపించు.

పెద్దమ్మ