బోరుకు కేసింగ్ ఎన్ని అడుగులు పడిందో ముందు అడగండి

ప్రశ్న: మురుగు నీటి లైన్లు, వాన నీటి కాల్వలు గ్రావిటీ మీదే నడిచేలా డిజైన్ చేసి, ట్రెంచ్ (పైపు కోసం తవ్వే కందకం)తో సహా మోడల్ చేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

సూటి జవాబు ముందే ఇచ్చేస్తాను, తర్వాత ఎలాగూ దారి తప్పుతాను. ప్రవాహం లెక్కలకు ఎస్‌డబ్ల్యూఎంఎం చాలు. అమెరికా పర్యావరణ సంస్థ ప్రోగ్రాం అది, 1971 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు. పైపులు, మ్యాన్‌హోళ్లు, ట్రెంచ్ గీయడానికి ఆటోడెస్క్ వారి సివిల్ 3డీ నేర్చుకోండి. మన ఆఫీసుల్లో ఉద్యోగం కావాలంటే అదే అడుగుతారు.

అందులో పైపు నెట్‌వర్క్ గీసినంత మాత్రాన ట్రెంచ్ దానంతట అది రాదు. నెట్‌వర్క్ నుంచి అలైన్‌మెంట్ (పై నుంచి చూసినప్పటి దారి గీత) తీసి, ప్రొఫైల్ (ఆ దారి పొడవునా ఎత్తుపల్లాల గీత) గీసి, ట్రెంచ్‌పైప్ సబ్‌అసెంబ్లీ (ట్రెంచ్ అడ్డుకోత అచ్చు) తగిలించి కారిడార్ (ఆ అచ్చును దారి పొడవునా సాగదీసిన మోడల్) కట్టాలి. తవ్వకం అడుగు అంటే ఇన్వర్ట్ లెవెల్ (పైపు లోపలి అడుగు మట్టం) కాదు. పైపు గోడ మందం, దాని కింద వేసే ఇసుక పరుపు మందం కూడా దించాలి. గోడలు నిట్టనిలువుగా ఇస్తే సర్ఫేస్ (మోడల్‌లో ఉపరితలం) ఒప్పుకోదు, వెంట్రుకవాసి వాలు ఇవ్వండి. క్రాస్ సెక్షన్ల (అడ్డుకోతల) పద్ధతిలో మట్టి లెక్క తీస్తే రెండు ట్రెంచ్‌లు కలిసేచోట అదే మట్టి రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. అది చేత్తో తీసేయాలి. ఇంతే. కొన్ని వారాలు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది.

ఇక నేను చెప్పదలచుకున్నది. హైదరాబాద్ పశ్చిమ శివార్లలో ఒక కాలనీకి భూగర్భ డ్రైనేజీ డిజైన్ చేస్తున్నాం. మోడల్ చూడముచ్చటగా ఉంది. 200 మిల్లీమీటర్ల పైపు, 250కి 1 వాలు (250 మీటర్లు నడిస్తే ఒక మీటరు దిగుతుంది), ఒక సందులో లోతు 4 మీటర్లకు చేరింది. తవ్వకం మొత్తం మామూలు మట్టి కింద ఎస్టిమేట్‌లోకి వెళ్లిపోయింది. ఎందుకంటే మోడల్‌లో ఉన్నది నేల పైభాగం సర్ఫేస్ ఒక్కటే. దాని కింద ఏముందో చెప్పే గీత ఒక్కటీ లేదు. హైదరాబాద్‌లో, అదీ గ్రానైట్ మీద! మా పెద్ద ఇంజినీరును అడిగితే, "రాయి వస్తే కాంట్రాక్టర్ చూసుకుంటాడు" అన్నారు. ఈ మాట అనని ఆఫీసు తెలుగు నేల మీద లేదని నా నమ్మకం.

నేను కాలనీకి వెళ్లి ఆ సందులో ఒక్కో గేటూ తట్టి ఒకటే ప్రశ్న అడిగాను: మీ బోరుకు కేసింగ్ ఎన్ని అడుగులు వేశారు? బోరు బండి వాళ్లు గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ (మట్టి కూలకుండా ఆపే గొట్టం) దించుతారు, ఆ తర్వాత రాయి తనంతట తాను నిలబడుతుంది కాబట్టి ఉత్త రంధ్రమే. అంటే కేసింగ్ పొడవు తెలిస్తే బండ ఎంత లోతులో ఉందో తెలిసినట్టే. ఈ సంగతి ప్రతి ఇంటి యజమానికీ గుర్తుంటుంది, ఎందుకంటే కేసింగ్‌కు అడుగు లెక్కన డబ్బు కట్టాడు.

ఒక పెద్దావిడ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ, "పది అడుగులే పట్టింది బాబూ. బోరు బండి అతను అదృష్టవంతులమ్మా, కేసింగ్ ఖర్చు మిగిలింది అన్నాడు. నీళ్లు మాత్రం పడలేదు" అంది. పది అడుగులంటే 3 మీటర్లు. మా ట్రెంచ్ 4 మీటర్లు. మీటరు వెడల్పుకు లెక్కేసినా, 200 మీటర్ల ఆ సందులో సుమారు 200 ఘనపు మీటర్ల గట్టి బండ ఉంది. ఇళ్ల మధ్య పేల్చనివ్వరు. బ్రేకర్ బిగించిన పొక్లెయిన్‌తో కొట్టుకుంటూ కూర్చోవాలి, గోడలు బీటలు వారాయని ఇంటింటితో పంచాయితీ. వెనక వీధిలో అడిగితే నలభై అడుగులు, నలభై అయిదు అడుగులు అన్నారు.

ఆ అంకెలతోనే బండకు రెండో సర్ఫేస్ కట్టాను. కొన్నిచోట్ల గుంతలు తవ్వించి సరిచూశాం, పెద్ద తేడా రాలేదు. లైన్‌ను వెనక వీధికి తిప్పాం. పొడవు 60 మీటర్లు పెరిగింది, అంటే చివర 24 సెంటీమీటర్లు అదనంగా దిగాలి. అక్కడ డ్రాప్ మ్యాన్‌హోల్ (పై లైన్ నీరు కింది లైన్‌లోకి నిలువుగా పడేది) ఉండటంతో డ్రాప్ ఆ మేరకు తగ్గిందే తప్ప మరేమీ మారలేదు. మామూలు మట్టి, ఎస్‌డీఆర్ (మెత్తని శిథిల రాయి), హెచ్‌డీఆర్ (గట్టి శిథిల రాయి), గట్టి రాయి అని రేట్లు వేర్వేరుగా ఉన్నప్పుడు సర్ఫేస్ ఒక్కటే పెట్టి ఘనపరిమాణం తీయడం దేనికి?

ఇంకో బాధ కూడా చెప్పనివ్వండి. ట్రెంచ్ పక్కలకు 1:1 వాలు ఇచ్చి మోడల్ చేసేవాళ్లున్నారు. 4 మీటర్ల లోతుకు పైన ఇరువైపులా నాలుగేసి మీటర్లు పోతే, ఆరు మీటర్ల సందులో రెండు వైపుల ప్రహరీలూ ట్రెంచ్‌లోనే ఉంటాయి. స్క్రీన్ మీద ఇళ్లు ఉండవు కాబట్టి ఎవరికీ పట్టదు. ఐఎస్ 3764 (తవ్వకాల భద్రతకు భారత ప్రమాణం) ప్రకారం 1.5 మీటర్ల లోతు దాటిన కందకానికి పలకలతో ఊతం కట్టాలి. ఆ పలకల వెడల్పు మోడల్‌లో పెట్టినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు, దానికి డబ్బు ఎస్టిమేట్‌లో రాసినవాణ్ణి అంతకంటే చూడలేదు. మనుషులు దిగేది అందులోకే.

వాన నీటి కాల్వల గురించి క్లుప్తంగా: మురుగు లైన్ నియమాలను వాటికి అంటించకండి, 2019లో కేంద్రం వాటికి విడిగా మాన్యువల్ ఇచ్చింది. మోడల్‌లో రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లే. మన ఊళ్లలో మాత్రం మురుగు లైన్ నిండితే ఎవరో ఒకరు రాత్రికి రాత్రి వాన కాల్వలోకి కలిపేస్తారు. సైట్‌లో మూతలు తీయించి చూడకుండా పాత కాల్వను వాన కాల్వగా నమ్మవద్దు.

మీది కృష్ణా డెల్టా అయితే ఈ బండ గొడవ ఉండదు, సమస్య వేరు. నేల చదునుగా ఉంటుంది. 250కి 1 వాలుతో మీటరు లోతున మొదలైన పైపు కిలోమీటరు నడిచేసరికి 5 మీటర్ల లోతుకు దిగిపోతుంది, భూగర్భ జలం అంతకంటే ముందే ఎదురొస్తుంది. అక్కడ ట్రెంచ్ మోడల్‌కు నీటి మట్టం సర్ఫేస్ కావాలి, ఎత్తిపోత పంపులు ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోవాలి. మీది ఏ ఊరో రాస్తే, అక్కడి నేలను బట్టి ఇంకొంచెం చెప్పగలను.