పిల్జెన్ బ్రూవరీకి వెళ్ళే ముందు

ఒరేయ్ అల్లుడూ,

సెలవుల్లో బ్యాగు తగిలించుకుని జర్మనీ నుంచి ప్రాగ్ వెళ్తున్నానని రాశావు. చాలా సంతోషం. అందులో ఒక రోజు పిల్జెన్‌కి ఉంచుకో, అదీ చెక్ దేశంలోని ఊరే. ప్రాగ్ మెయిన్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంటన్నర. దిగాక పిల్స్‌నర్ ఉర్కెల్ అనే బీరు తయారుచేసే బ్రూవరీకి నడిచే వెళ్ళొచ్చు.

నువ్వు బీరు తాగినా తాగకపోయినా చూడాల్సిన చోటు అది. 1838లో ఆ ఊళ్ళో బీరు ఎంత పాడైపోయిందంటే, జనం విసిగిపోయి 36 పీపాలు టౌన్‌హాల్ ముందు పారబోశారు. తర్వాత ఊరివాళ్ళే కలిసి సొంత బ్రూవరీ కట్టుకుని, బవేరియా నుంచి జోసెఫ్ గ్రోల్ అనే ఆయన్ని పిలిపించారు. 1842 అక్టోబర్ 5న ఆయన మొదటి విడత బీరు కాచాడు. ఖనిజాలు తక్కువగా ఉండే అక్కడి నీళ్ళు, లేత రంగు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), దగ్గర్లోని జాటెట్స్ ఊరి హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) కలిసి ఆ బంగారు రంగు వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా దొరికే పిల్స్‌నర్ రకం బీర్లన్నీ దాని దారిలో వచ్చినవే.

ఇంగ్లీష్ టూర్ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకో. పెద్ద బ్యాగు ప్రాగ్ హాస్టల్లోనే వదిలేయ్, స్వెటర్ మాత్రం మర్చిపోకు. ఎండాకాలమైనా నేలమాళిగలో చలేస్తుంది. ఖాళీ కడుపుతో అస్సలు వెళ్ళకు.

లోపల మాల్ట్ గింజలు చేతికిస్తే వాసన చూసి ఊరుకోకు, రెండు నమిలి చూడు. మనం రాగులు మొలకెత్తించి ఎండబెట్టినట్టే వాళ్ళు బార్లీని చేస్తారు. నమిలేకొద్దీ తియ్యగా ఉంటుంది. హాప్స్ చేదు. ఈ రెండూ నాలుక మీద ఉంటే తర్వాత గైడ్ చెప్పేది సులువుగా అర్థమవుతుంది.

అసలు సంగతి చివర్లో ఉంది. రాతిలో తొలిచిన సొరంగాలు, అన్నీ కలిపితే దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. తడి గోడలు, మసక వెలుతురు, వరసగా పెద్ద పెద్ద ఓక్ పీపాలు. అక్కడి మనిషి పీపా కుళాయి తిప్పి గ్లాసు నింపి ఇస్తాడు. వడకట్టనిది, పాశ్చరైజ్ చేయనిది, కాబట్టి కాస్త మబ్బుగా ఉంటుంది, పైన చిక్కటి నురగ. ఫోటోల హడావుడిలో దాన్ని గటగటా తాగేయకు. ఒక పక్కకి వెళ్ళి నిలబడి, నెమ్మదిగా తాగు. ముందు తీపి, వెనకాలే చేదు. సీసాలో కొన్నదానికీ దీనికీ తేడా నీకే తెలుస్తుంది.

బయటికొచ్చాక ఊళ్ళో ఏదైనా పబ్బులో భోంచెయ్యి. మీ అమ్మలాగా నువ్వూ మాంసం ముట్టవు కదా, స్మాజెనీ సీర్ అడుగు. బ్రెడ్ పొడి అద్ది వేయించిన చీజ్ అది, చాలా చోట్ల దొరుకుతుంది. మెనూలో బీరు పక్కన 10, 12 అని డిగ్రీలు కనిపిస్తే టెన్షన్ పడకు, అది ఆల్కహాల్ శాతం కాదు, పులియబెట్టక ముందు ద్రావణంలో ఎంత చక్కెర ఉందో చెప్పే లెక్క. పన్నెండు అంటే ఆల్కహాల్ నాలుగున్నర, ఐదు శాతం దగ్గర ఉంటుంది. నురగ ఎక్కువైందని గొడవ పడకు, అక్కడ నురగ కూడా బీరులో భాగమే.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. పాతకాలపు పబ్బుల్లో గ్లాసు ఖాళీ అవుతుంటే అడగకుండానే ఇంకోటి తెచ్చిపెట్టి, చీటీ మీద గీత గీస్తారు. గ్లాసులు అర లీటరువి. మొహమాటంతో తాగుతూ కూర్చోకు. చాలనుకుంటే గ్లాసు కింద పెట్టే అట్టముక్క, అదే కోస్టర్, గ్లాసు మీద పెట్టెయ్, వాళ్ళకి అర్థమైపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. గ్లాసు ఎత్తేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి "నా జ్ద్రావీ" అను, అంటే వాళ్ళ భాషలో చీర్స్.

పాస్‌పోర్ట్, ఫోన్ జేబులో కాకుండా లోపలి పౌచ్‌లో పెట్టుకో. తిరుగు రైలు టైము తాగక ముందే చూసుకుని, చీకటి పడేలోపు ప్రాగ్ చేరు. చేరాక నాకొక మెసేజ్ పెట్టు.

మీ మావయ్య